నేను ముట్టుకోలేదు

తైనాన్ నగరంలోని ఆ ఇరుకు సందులో ల్యావ్ జిన్-షుయ్ మీద పడిన నింద ఒకే ఒక్క మాట: తన్నాడు. ఆ మాట అన్నది దారినపోయే దానయ్య అయితే సందు నాలుగు రోజుల్లో మరిచిపోయేది. అన్నది ఫాంగ్ టీచరమ్మ. సందులో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి నోట వచ్చింది కాబట్టి, విచారణ లేకుండానే అది తీర్పుగా చెలామణి అయింది.

జరిగినది ఇది. సాయంత్రం చెత్తబండి పాట వినబడగానే సందువారంతా సంచులు పట్టుకుని గుమ్మాల ముందు నిలబడ్డారు. పొడుగు నడుము, పొట్టి కాళ్ళు గల టీచరమ్మ కుక్క మాహ్వా ఎప్పటిలాగే మూతి పైకెత్తి ఆ పాటకు వంత పాడింది. నూనెలో వేయించిన పిండిమెలికను అక్కడ మాహ్వా అంటారు. ఆ రంగు, ఆ మెలికల నడక చూసి ఆవిడ పెట్టిన పేరది. ఆ ఊళ వింటే ల్యావ్‌కు ఒళ్ళుమంట. "ఏయ్, నోర్ముయ్!" అంటూ రబ్బరు చెప్పు కాలితో నేలమీద ఫట్టుమని కొట్టాడు. అదే క్షణంలో మాహ్వా కెవ్వుమంది. వెనక కాళ్ళు రెండూ తడిగుడ్డల్లా వాలిపోయాయి. ముందు కాళ్ళతోనే దేహాన్ని ఈడ్చుకుంటూ యజమానురాలి పాదాల దగ్గరికి చేరింది.

"నేను ముట్టుకోలేదు!" అన్నాడు ల్యావ్.

"తన్నావు" అంది టీచరమ్మ.

చెప్పు లేవడం అందరూ చూశారు. అది ఎక్కడ పడిందో చూసినవారు ఒక్కరూ లేరు.

మర్నాడే కుక్క వెన్నుకు శస్త్రచికిత్స జరిగింది. దాన్ని ఇంటికి తెచ్చిన రోజున వార్డు పెద్ద చియు ఇద్దరినీ తన ఇంటి ముందుగదిలో కూర్చోబెట్టి టీ పోసింది.

"టీచరమ్మా, ఖర్చు సంగతి తేల్చుకుందామా?"

"డబ్బు నాకొద్దు. ఇతని చేతులు కావాలి." టీచరమ్మ తన చేతులు బల్లమీద పెట్టింది. కీళ్ళవాతంతో వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నాయి. "మాహ్వాకు మూత్రం దానంతట అది రాదు. పూటపూటా పొట్ట నొక్కి తీయాలి, లేకపోతే లోపలే విషమవుతుందన్నారు. స్కూటర్ పిడి ఎలాగో పట్టుకుంటాను కానీ, ఈ వేళ్ళకు టీకప్పే ఆగదు. పాడుచేసినవాడే వచ్చి బాగుచేయాలి."

"నేను ముట్టుకోలేదని ఎన్నిసార్లు చెప్పాలి చియు అక్కా? వెళితే తప్పు ఒప్పుకున్నట్టే కదా!"

"వెళ్ళకపోతే రాతిగుండె అంటారు. రెంటిలో ఏది కావాలో నువ్వే చూసుకో తమ్ముడూ."

ల్యావ్‌కు కావలసింది ఆ రెండూ కాదు, ఒక ఈల. దూరపు బస్సులు నడిపి పదవీ విరమణ చేసిన నాటినుంచి ప్రతి ఉదయం ప్రాథమిక పాఠశాల ఎదుట నారింజరంగు కోటు తొడుక్కుని, ఈల ఊది, వాహనాలను ఆపి పిల్లలను రోడ్డు దాటించేవాడు. జీతంలేని ఆ కొలువు అతనికి పరువు. అలాంటి స్వచ్ఛంద సేవకుల బృందం బాధ్యత చియుదే. తల్లులు వచ్చి, మూగజీవిని తన్నినవాడి చేతికి మా పిల్లలనెలా అప్పగించమంటారని అడిగిన రోజున, "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో" అంటూ ఆమె ఈల వెనక్కి తీసుకుంది. తన్నలేదని తేలితే తప్ప అది తిరిగి రాదు. తేల్చేవారు ఎవరు?

రాతిగుండె అనిపించుకోవడం కన్నా వెళ్ళడమే నయమనుకున్నాడు. అలా శిక్ష మొదలైంది. టీచరమ్మ ఇంట్లో నున్నటి గచ్చు నిండా స్నానాలగది పట్టాలు పరిచి ఉండేవి, కాళ్ళు జారకుండా. గది మూల చిన్న కటకటాల దొడ్డిలో మాహ్వా పడుకునేది. ల్యావ్ దాని పొట్ట కింద తువ్వాలు దూర్చి, వెనకభాగాన్ని ఉట్టిలా ఎత్తి పట్టుకుని పెరటిలోకి నడిపించేవాడు. రెండు అరచేతులతో పొట్టను ఇరువైపులా పట్టి వెతికితే, పండిన జామకాయంత సంచి చేతికి తగిలేది. దాన్ని నెమ్మదిగా, వదలకుండా వెనక్కి అదమాలి. మొదట్లో చొక్కా తడవని పూట లేదు.

"గట్టిగా నొక్కకు. అది బస్సు హారన్ కాదు" అనేది టీచరమ్మ.

"మీరు మాట్లాడకుండా ఉంటే వస్తుంది టీచరమ్మా. మీ గొంతు వింటే నాకే ఆగిపోతుంది."

తరువాత వెనక కాళ్ళను ఒక్కొక్కటిగా పట్టుకుని సైకిలు తొక్కించినట్టు తిప్పేవాడు. "తొక్కరా గాయకుడా, ఎత్తు ఎక్కాలి" అని బతిమాలేవాడు. సాయంత్రం చెత్తబండి పాట వినిపిస్తే మాహ్వా చెవులు నిక్కబొడుచుకునేవి; కాసేపటికి తల పట్టా మీద వాలిపోయేది. గొంతు లేచేది కాదు. ఒకప్పుడు ఏ ఊళను అతడు అసహ్యించుకున్నాడో, అది లేని ఆ నిశ్శబ్దం ఇప్పుడు అతనికి రాయిలా బరువుగా ఉండేది.

కొన్ని వారాలకు డాక్టరు పరీక్షకు రమ్మన్నాడు. ల్యావ్ తన స్కూటర్ మీద టీచరమ్మను, ఆవిడ ఒళ్ళో బుట్టలో మాహ్వాను ఎక్కించుకుని తీసుకువెళ్ళాడు. యువకుడైన ఆ డాక్టరు వెనక కాలివేలిని పట్టకారుతో నొక్కాడు. మాహ్వా గిరుక్కున తల తిప్పి గుర్రుమంది.

"నొప్పి తెలుస్తోంది! చాలా మంచి గుర్తు. మూత్రం కూడా దానంతట అదే రావచ్చు, చూస్తూ ఉండండి." డాక్టరు చేతులు కడుక్కుంటూ అదే ధోరణిలో అన్నాడు: "మొదటిరోజే చెప్పాను కదా టీచరమ్మగారూ, ఇక స్కూటర్ కాళ్ళపలక మీద నిలబెట్టి తీసుకువెళ్ళకండి. రోజూ దానిమీంచి దూకిదూకి వెన్నుపూసల మధ్య డిస్కు ఎప్పటినుంచో పాడవుతూ వచ్చింది. దెబ్బ తగిలిన గుర్తే లేదు. ఆ రోజు కాకపోతే మర్నాడు పగిలేది."

ల్యావ్ చేతులు మాహ్వా నడుము మీద అలాగే ఉండిపోయాయి. టీచరమ్మ గోడమీది క్యాలెండరు చూస్తూ నిలబడింది.

తిరిగివచ్చాక టీచరమ్మ ఇంటి దగ్గర బుట్ట దింపి, "ఇక నేను రాను" అన్నాడతను.

"సాయంత్రం?"

"మీ చేతులతో మీరే నొక్కుకోండి."

ఆ సాయంత్రం అతడు తన ఇంట్లో పాలచేప గంజి గిన్నె ముందు కూర్చుని చెంచాతో దాన్ని ఊరికే కలుపుతూ ఉండిపోయాడు. గడియారం వైపు ఒకసారి, వీధి వైపు ఒకసారి చూశాడు. భార్య షియు-చిన్ గిన్నె లాగేసుకుంది.

"వెళ్ళవయ్యా బాబూ! నీ మొహం చూస్తే నీకే బిగబట్టినట్టుంది."

"తెలిసి దాచిందే ఆవిడ! నన్ను దొంగను చేసి పని చేయించుకుంది."

"చేయించుకుంది. దానికి ఆ కుక్క పొట్ట ఏం చేసింది? కావాలంటే దాని పని చేసొచ్చి ఆవిడతో పోట్లాడు."

అతడు వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. టీచరమ్మ పెరటిగచ్చు మీద మోకాళ్ళపై కూర్చుని, కొంకర్లు పోయిన వేళ్ళతో నొక్కలేక నొక్కుతూ ఉంది. నుదుటినుంచి చెమట మాహ్వా వీపు మీద పడుతోంది. ల్యావ్ పక్కన చతికిలబడి ఆవిడ చేతులు తప్పించి తన చేతులు పెట్టాడు. కాసేపటికి గచ్చు తడిసింది. ముగ్గురూ ఊపిరి వదిలారు.

"ఎందుకు దాచానో అడగవా?" అంది టీచరమ్మ.

"చెబితే నేను రానని."

"రావనే."

"వచ్చానుగా."

చిన్నపిల్లలు అబద్ధమాడితే తరగతి అందరి ముందు లేపి నిలబెట్టి నిజం చెప్పించిన మనిషి ఆవిడ. తన విషయంలో మాత్రం కూర్చునే ఉండిపోయింది. నేలకు చేయి ఆనించి కష్టంమీద లేచింది.

"నన్ను క్షమించు ల్యావ్."

"ఇక్కడ, ఈ పెరట్లో నాతో చెబితే ఏం లాభం? ఆ మాట చెత్తబండి ముందు, అందరి మధ్యా అన్నారు. అక్కడే వెనక్కి తీసుకోవాలి."

"సరే. రేపు."

"రేపు బుధవారం. బండి రాదు."

"అయితే ఎల్లుండి. అంతవరకూ నాకు నిద్ర ఉండదు. ఉండకూడదు కూడా."

గురువారం సాయంత్రం సందు మొగలో పాట మొదలైంది. గుమ్మాలు తెరుచుకున్నాయి. సంచులు బయటికి వచ్చాయి. తువ్వాలు ఉట్టిలో మాహ్వాను పట్టుకుని ల్యావ్ నిలబడ్డాడు. ఆ రోజు వేసుకున్న నీలం-తెలుపు రబ్బరు చెప్పులే తొడుక్కున్నాడు, కావాలని. టీచరమ్మ తన చెత్తసంచిని కింద పెట్టి సందు నడిమధ్యకు నడిచింది. నల్లబల్ల ముందు నిలబడ్డప్పటి గొంతు లేచింది.

"అందరూ వినండి. ల్యావ్ గారు నా కుక్కను తన్నలేదు. నా స్కూటర్ మీంచి రోజూ దూకనిచ్చింది నేను. దాని నడుము విరిచింది నేను. ఆ సంగతి శస్త్రచికిత్స నాడే నాకు తెలుసు. తెలిసీ ఆయన మీద నింద ఉంచి, ఆయనచేత చాకిరీ చేయించుకున్నాను. మీరు నమ్మింది నా మాటను. కనుక ఇది కూడా నమ్మండి."

సంచులు చేతుల్లోనే వేలాడుతున్నాయి. బండి వచ్చి ఆగి ఎంతసేపైందో ఎవరూ గమనించలేదు. డ్రైవరు తల బయటపెట్టి, "అమ్మా, చెత్త వేస్తారా, పాఠం వింటారా?" అని కేకేశాడు. ఎవరూ కదలలేదు.

అప్పుడే మాహ్వా మూతి పైకి లేచింది. గొంతులో ముందు ఏదో బొంగురుగా కదిలింది; తరువాత పాటను పట్టుకుని పొడుగ్గా, తీరుబడిగా ఊళ సాగింది. తోక ఒక పక్కకు, మళ్ళీ రెండో పక్కకు కదిలింది. మరుక్షణం ల్యావ్ కుడిపాదం వెచ్చబడింది. కిందికి చూశాడు. అతని రెండు చేతులూ తువ్వాలు కొసలు పట్టుకుని, పొట్టకు మూరెడు పైన ఉన్నాయి. ధార చెప్పు మీదుగా కాలువ కడుతోంది.

"నేను ముట్టుకోలేదు!" అని అరిచాడు ల్యావ్. గొంతు పగిలిపోయింది. "చూడండి! నేను ముట్టుకోనే లేదు! వీడే పోస్తున్నాడు!"

"చూశాం! చూశాం!" అన్నారు సందువారంతా, ఈసారి నిజంగా చూసినవారు. షియు-చిన్ నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. టీచరమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్ళు మాత్రం మూయలేదు.

ఈ సందడిలో చెత్తబండి కదిలిపోయింది. "అయ్యో, ఆగవయ్యా!" అంటూ సగం సందు సంచులతో దాని వెంట పరుగెత్తింది. పరుగెత్తబోతూ చియు వెనక్కి తిరిగింది.

"ల్యావ్ తమ్ముడూ, రేపు పొద్దున స్కూలు దగ్గరికి వచ్చెయ్! నీ ఈల నా దగ్గరే ఉంది!"

"వస్తా. ముందు వీణ్ణి పెరట్లోకి నడిపించి వస్తా. తువ్వాలు ఎవరు పట్టుకుంటారు మరి?"

బండి పక్క సందులోకి తిరిగింది. పాట సన్నబడింది. మాహ్వా మాత్రం ఆపలేదు. టీచరమ్మ కుళాయి గొట్టం లాక్కొచ్చి ల్యావ్ పాదం మీద నీళ్ళు వదులుతూ, కుక్క వైపు, అతని వైపు చూసింది.

"ఏం, నోర్ముయ్ అనవా?"

"పాడనివ్వండి టీచరమ్మా. శ్రుతి తప్పుతున్నాడు కానీ, పాడనివ్వండి."