ఫొటోలో లేని ముఖం

పత్తి బేళ్ళ గోదాంలో రద్వాన్ పడుకునే చోట మనిషి లేడు. ఒక చెప్పు, దాని పక్కన ఇంకా ఆరని నెత్తురు మాత్రం ఉన్నాయి.

నజ్లా చేతిలోంచి చిక్కుడుగింజల గిన్నె జారిపడింది. అప్పుడే తెల్లవారుతోంది. ఆమె తలుపు చూసింది. ఎవరూ బద్దలు కొట్టలేదు. లోపలి గడియ తీసి ఉంది. అంటే రద్వానే లేచి తీశాడు. నమ్మిన గొంతు పిలిస్తేనే తీశాడు.

అతను రాత్రిళ్ళు పోలీసులకి దొరక్కుండా అక్కడ దాక్కుంటాడని తెలిసింది ముగ్గురికే. తిండి తెచ్చే నజ్లాకి, గోదాం కాపలా చూసే ముసలి అతియ్యాకి, నజ్లా అన్న సబ్రీకి. సమ్మె మొదలైన దగ్గర్నుంచి ప్రతి ఊరేగింపులో రద్వాన్‌ని భుజాల మీద మోస్తున్నది ఆ సబ్రీయే.

ఆమె మిల్లు ఆవరణలోకి పరుగెత్తింది. "రద్వాన్‌ని ఎత్తుకుపోయారు!"

నిమిషాల్లో మహల్లా ఊరి మిల్లు మనుషులంతా పోగయ్యారు. మగ్గాల వాళ్ళు, అద్దకం వాళ్ళు, కుట్టు విభాగం ఆడవాళ్ళు. గేటు దగ్గర తువ్వాళ్ళు నింపిన లారీలు బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాయి. అవి ఓడరేవు చేరితే సమ్మె చచ్చినట్టే. ఇన్నాళ్ళూ వాటిని ఆపింది రద్వాన్ గొంతు. ఆ గొంతు లేని రోజు చూసి యజమాని డ్రైవర్లను పిలిపించాడు.

"టీవీలో తెల్లదొరలు మనల్ని ఓపిక పట్టమంటున్నారు," అంది ఉమ్మ్ సమీర్. కుట్టు విభాగంలో అందరికంటే పెద్దది, నోరు కూడా పెద్దదే. "ముసలి అధ్యక్షుడు దిగిపోతే దేశం అల్లకల్లోలమైపోతుందట!"

"దేశం గురించి కాదు పిన్నీ వాళ్ళ ఏడుపు," అన్నాడు ఒక అద్దకం వాడు. "సముద్రాల్ని కలిపే మన కాలువలో ఓడలు ఆగకూడదు, తువ్వాళ్ళు చవగ్గా రావాలి. ఆ రెంటికీ కాపలా కాశాడనేగా ముసలాడంటే అంత ముద్దు!"

"నిన్న మనమీద పడ్డ గ్యాసు గుండు మీద వాళ్ళ దేశం పేరే ఉందిరా నాయనా. మన తువ్వాలు వాళ్ళకి, వాళ్ళ పొగ మనకి. కళ్ళు తుడుచుకోడానికైనా ఒక్కటి ఉంచకుండా లారీలెక్కించారు!" అంది ఉమ్మ్ సమీర్.

నవ్వు లేచింది. లేచినంత వేగంగా చల్లారింది.

"కైరోలో ఇలా ఎత్తుకుపోతే ప్రపంచమంతా గోలపెట్టేది," అన్నాడొక మగ్గం మనిషి. "మూడేళ్ళ కింద మనం రొట్టె కోసం వీధికెక్కినప్పుడు ఆ కైరో బాబులు కిటికీలు వేసుకున్నారు. ఇవాళ కెమెరాలన్నీ వాళ్ళవైపే. నిప్పు మనది, వెలుగు వాళ్ళది!"

ఆ మాట అందరి కడుపులోనూ ఉన్నదే. ఊరు ఊరంతా కైరో చౌకుని చూసి ఉడికిపోతోంది. ఒకే ఒక్కసారి ఒక విదేశీ పత్రికవాడు ఇక్కడికి వచ్చి ఫొటో తీశాడు. పిడికిలి ఎత్తిన రద్వాన్ ముఖం దేశదేశాలు తిరిగింది.

"ఇంతకీ వాణ్ణి పట్టించిందెవరు?" అద్దకం వాడు నజ్లా వైపు తిరిగాడు. "వాడి మీద కుళ్ళు నీకే కదమ్మా?"

నజ్లా తల దించలేదు. నినాదాలు కట్టేది ఆమె. కుట్టుమిషను దడదడకి మాట కలిపి కట్టేది. రద్వాన్ భుజాలెక్కి అరిచేవాడు. ఊరు వాటిని రద్వాన్ పాటలనేది.

"ఉంది. నా మాట వాడి నోట ఊరేగుతుంటే నా కడుపు మండేది. ఆ ఫొటో చూసి అన్నం సయించలేదు. అయితే? మండితే నా కడుపు మండింది గానీ, మనిషిని అమ్ముకుంటానా?"

"నన్నూ అడగండి," అతియ్యా ముందుకొచ్చాడు. "ఆ చోటు నాకూ తెలుసు. ఈ ముసలి తల మీద ఒట్టు, నేను నోరు విప్పలేదు."

సబ్రీ మాత్రం గుంపు చివర నిలబడి నేల చూస్తున్నాడు. స్నేహితుడు దొరికిపోయిన దిగులనుకుంది నజ్లా.

"ఒకళ్ళనొకళ్ళు పీక్కుతింటే లారీలు వెళ్ళిపోతాయి!" ఉమ్మ్ సమీర్ అరిచింది. "ఆడవాళ్ళంతా చక్రాల ముందు కూర్చోండి. మిగతావాళ్ళు ఠాణాకి నడవండి, రద్వాన్‌ని వదలమని అడుగుదాం. నజ్లా, మాట కట్టినదానివి నువ్వే, ఇవాళ అరిచేది కూడా నువ్వే. ఎక్కు!"

"ఎవరి భుజాలెక్కుతుంది? ఆడపిల్ల, పరాయి మగాడి మీద కూర్చుంటుందా?" గుంపులోంచి ఎవరో అన్నారు.

"పరాయివాడెందుకు?" అంది ఉమ్మ్ సమీర్. "అన్న లేడూ! సబ్రీ, రారా, వంగు!"

సబ్రీ ఒక అడుగు వెనక్కి వేశాడు. "నా వల్ల కాదు. నడుం నొప్పి."

"ఆ దున్నపోతు రద్వాన్‌ని మోసినప్పుడు లేని నొప్పి ఈ పిచుకని మోస్తే వచ్చిందా?"

జనం అతన్ని ముందుకు నెట్టారు. సబ్రీ వంగాడు. నజ్లా ఎక్కింది. జనం తలలన్నీ ఆమె కిందికి దిగిపోయాయి. గేటు దగ్గర ఆడవాళ్ళు చక్రాలకి వీపులు ఆనించి కూర్చుంటున్నారు. డ్రైవర్లు ఇంజన్లు ఆపేశారు. ఇదా రద్వాన్ రోజూ చూసింది! మళ్ళీ కడుపు మండింది. ఆ మంటే గొంతులోకి ఎగదన్నింది.

"మగ్గం మాది, నేత మాది!"

"మెడ మీద కత్తి ఎవడిది?" జనం జవాబుకి గోడలు అదిరాయి.

గుంపు కదిలింది. పైనున్నవాళ్ళు కిందివాడి తల మీద ఏ వైపు తడితే ఆ వైపు తిరగాలి. సబ్రీకి అది అలవాటే. నాలుగు వీధుల కూడలిలో నజ్లా కుడివైపు తట్టింది. ఠాణా అటే.

సబ్రీ ఆగిపోయాడు. ఆమె మళ్ళీ తట్టింది. కదల్లేదు.

"అటెందుకు చెల్లీ," గొణిగాడు. "వాడు ఠాణాలో లేడు."

నజ్లా చెయ్యి ఎత్తింది. ముందు వరస ఆగింది, దాని వెనక జనమంతా ఆగారు.

"నీకెలా తెలుసు అన్నా?"

ఆమె దిగబోయింది. అతను ఆమె చీలమండలు గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత కూడలంతా వినిపించేలా గొంతెత్తాడు.

"నేనే! గోదాం తలుపు తట్టి 'నేనేరా' అన్నది నేనే. వాడు నిద్రకళ్ళతో గడియ తీసి నన్ను చూసి నవ్వాడు. నా వెనకున్నవాళ్ళని తర్వాత చూశాడు. పోలీసు మేజరు ఆ విదేశీ పత్రిక నా ముందు పరిచి, 'ఇందులో నువ్వెక్కడరా?' అన్నాడు. నేను లేను. ఫొటోలో నా తల కత్తిరించేశారు. పడిపోకుండా వాడి నడుం పట్టుకున్న నా చేతులు రెండే మిగిలాయి. మొదటి రబ్బరు గుండు నా రొమ్ముకి తగిలింది, పేరు వాడికొచ్చింది. మేజరు డబ్బివ్వబోయాడు, తీసుకోలేదు. ఉత్త కుళ్ళుతో చేశాను. వాడు లేకపోతే నా ముఖం కనిపిస్తుందనుకున్నాను. కనిపించిందిగా, చూడండి! వాణ్ణి మిల్లు అతిథి గృహంలో, తువ్వాళ్ళు కొనే విదేశీ బేరగాడు కూర్చుని తినే గది కింద పెట్టారు, సరుకెక్కి ఓడ కదిలేదాకా. వెనక తలుపు నాకు తెలుసు. వాణ్ణి బయటికి తెచ్చాక నన్నేం చేసుకుంటారో చేసుకోండి. దిగకు చెల్లీ. ఎడమవైపు తట్టు... తట్టు!"