ఇంటికో ఓటు

మా సంఘంలో ఇంటికో ఓటు. అది ఇంటి ఆడమనిషిది. ముప్పై ఏళ్ల కిందట నేనూ నా నేస్తం సూరమ్మా కొట్లాడి పెట్టించిన నియమం ఇది. మలేషియాలోని పేరాక్ కొబ్బరి ఎస్టేటుల నుంచి పని వెతుక్కుంటూ సింగపూర్ చేరిన తెలుగువాళ్లం ఏటా ఒకసారి కలిసి భోంచేస్తాం. ఆ రోజుల్లో మగాళ్లు తాగి పడిపోతే మేముండే బుకిట్ బటోక్ పేట దాకా మోసుకొచ్చిందీ మేమే, వాళ్లు కక్కింది కడిగిందీ మేమే. ఒళ్లు మండి, విందులో ఎవరూ చుక్క ముట్టకూడదని తీర్మానం చేయించాం. మగాళ్లు మళ్లీ దాన్ని మార్చకుండా ఓటు మా చేతిలోనే ఉంచుకున్నాం.

మా ఆయన నారాయణస్వామి అప్పటినుంచీ ఇంట్లో కూడా మానేశారు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆయన పాట కూడా ఆగిపోయిందని మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఎస్టేటులో ఆయన కల్లు గీసేవారు. రెండు ముంతలు పడితే చాలు, మెట్ల మీద కూర్చుని ఎత్తుకునేవారు: "కొబ్బరి తోపులో పొద్దువాలె, నా కోమలి రాలేదె." ఆ కోమలిని నేనే. పొయ్యి మీద చేపల పులుసు మాడిపోతున్నా కదిలేదాన్ని కాను. తాగకుండా పాడమంటే సిగ్గుపడి తల గోక్కునేవారు. అడిగి అడిగి విసుగొచ్చి ఊరుకున్నాను. ఈమధ్య ఆయనకు ఆయాసం. ఆ పాట మళ్లీ వినకుండానే ఆయన్ని పోగొట్టుకుంటానేమోనని బెంగ పట్టుకుంది నాకు.

ఈ ఏడాది కుర్రకారు నిషేధం తీసేయాలని పట్టుబట్టారు. విందుకు ముందే ఓటు పెట్టారు.

"బీర్ ఒక్కటే లా, ఆంటీ. మీరు ఊ అంటే అందరూ ఊ అంటారు," అన్నాడు కార్యదర్శి హేమంత్, సింగపూర్ యాసలో.

"ఇది ఊ అంటుందా? నీ మొహం!" అంది పక్కనే ఉన్న సూరమ్మ.

తీసేయాలనేవాళ్లను చేతులెత్తమన్నారు. నేను ఎత్తాను. హాలంతా నోరెళ్లబెట్టింది. నన్ను చూసి ఒక్కొక్క చెయ్యే లేచింది. నిషేధం పోయింది.

"మతి పోయిందటే, వెంకమ్మా?" సూరమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తలొంచుకున్నాను.

బీర్ వచ్చింది. నా చేత్తోనే గ్లాసు నింపి ఆయన ముందు పెట్టాను. ఆయన ఒక గుక్క తాగి మొహం చిట్లించారు.

"చేదుగా ఉందే. నాకెందుకిప్పుడు ఇది?"

"తాగండి. తాగి ఆ పాట పాడండి. దాని కోసమే చెయ్యెత్తాను."

"ఏం పాట?"

"అదేనండీ, కొబ్బరి తోపులో..."

ఆయన పెదవులు కదిలాయి. "తర్వాతేంటే?" అని చిన్నపిల్లాడిలా అడిగారు.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. కోపమూ వచ్చింది. ఇందుకా నేను సూరమ్మను ఏడిపించింది? గ్లాసు పక్కకు నెట్టి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఏనాడూ నోరెత్తి పాడని నేను ఆయన చెవి దగ్గర ఎత్తుకున్నాను. కోమలి దగ్గరికి వచ్చేసరికి రాగం తప్పింది.

"అట్లా కాదే," అన్నారాయన.