ఆరో గుడ్డు

పదకొండు మంది స్వాములకు భిక్ష. ప్రవళిక పొద్దుటి నుంచి పొయ్యి దగ్గరే ఉంది. భర్త విజయేందర్ కొండగట్టు అంజన్న మాల వేసుకున్నాడు. మాల తీసేదాకా అతణ్ని ఆమె కూడా స్వామీ అనే పిలవాలి.

మనసు మాత్రం సామాన్ల గదిలో, సంచుల వెనక దాచిన అట్టపెట్టెలో ఉంది. అందులో బల్బు వేడికి ఆరు కోడిగుడ్లు. యూనివర్సిటీ ల్యాబ్‌లో పొదిగే యంత్రం పాడైతే ఇంటికి తెచ్చుకుంది. పిండంలో మెదడు, చెవి ఎలా రూపు కడతాయన్నదే ఆమె ఎమ్మెస్సీ ప్రాజెక్టు. మూడు రోజులు నిండిన పిండాన్ని ఈ మధ్యాహ్నం కరీంనగర్‌లో గైడ్ మేడం ముందు తీసి చూపించాలి. ఇప్పటికే రెండు గడువులు తప్పాయి. ఒకసారి ఆడబిడ్డ పురుడు, ఒకసారి పత్తి ఏరడం. ఇదే ఆఖరన్నది మేడం.

"మాల ఏసుకున్నోడున్న ఇంట్ల గుడ్లా!"

అత్త సత్తవ్వ కేక. ప్రవళిక పరుగెత్తుకొచ్చేసరికి పెట్టె పెంటకుప్ప మీద బోర్లా పడి ఉంది.

"అవి తినేటియి కావత్తా, చదువుకి..."

"గిదేం చదువే? కోళ్లకు మంత్రసానితనమా?"

విజయేందర్ నవ్వాడు. "చెవులెట్ల పుడ్తయో చదువుతదట అవ్వా. మనం చెప్పింది మాత్రం ఈమె చెవికెక్కది." ఆమె వైపు తిరిగాడు. "ఇల్లంత కడుగు. తలకు పోసుకొని మళ్ల మొదటిసంది వండు. పన్నెండింటికి స్వాములొస్తరు."

పగిలిన గుడ్డులో, మట్టి మీద, ఆవగింజంత ఎర్రటి గుండె ఇంకా కొట్టుకుంటోంది. అది ఆగేదాకా చూసింది ప్రవళిక. కడగాలి, వండాలి, వచ్చే ఏడు మళ్లీ ఫీజు కట్టాలి. వచ్చే ఏడూ ఎవరిదో పురుడుంటుంది, ఎవరిదో మాల ఉంటుంది. ఏడుపు కూడా రాలేదు.

అప్పుడు కనిపించింది, పెట్టె అంచు కింద పగలకుండా మిగిలిన ఒక్క గుడ్డు. ఇంకా వెచ్చగానే ఉంది.

బకెట్ నింపుకొస్తానని వెళ్లిన మనిషి, సంచి భుజానేసుకొని వెనక దర్వాజా దాటింది.

లక్సెట్టిపేట బస్టాండులో కరీంనగర్ బస్సు కదులుతుంటే ఎక్కింది. గుడ్డును కొంగులో చుట్టి, కడుపు వెచ్చదనానికి ఆనించి, రెండు చేతులూ కప్పి కూర్చుంది. సంచిలో ఫోన్ మోగింది. ఆగింది. మళ్లీ మోగింది.

పక్క సీటులోని ముసలమ్మ చూసి చూసి అన్నది.

"పాపం ఎవలో పరేషాన్ అయితున్నరు బిడ్డా. జర ఎత్తరాదు?"

"చేతులు ఖాళీ లేవవ్వా," అన్నది ప్రవళిక. "నా పనిల ఉన్న."