ఎత్తి పోసిన పాలు

ఆయా యాదవ్వ గోరువెచ్చని నీళ్లలో పాలపొడి పోసి, ఉండలు కట్టకుండా తెడ్డుతో కలుపుతోంది. మామూలుగా ఈ వేళకు పిల్లల కేంద్రం ఏడుపులతో దద్దరిల్లేది. తల్లులు బిడ్డలను ఆమెకు అప్పజెప్పి, బొగ్గుబాయి మీద తట్టలు మోయడానికి పరుగెత్తేవాళ్లు. ఇప్పుడు తెడ్డు చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. పందొమ్మిది వందల యాభై ఏడో సంవత్సరం ఎండాకాలం చివర ఫ్లూ జ్వరం వచ్చింది. పిల్లలు ఒకచోట చేరితే ప్రమాదమని డాక్టరు కేంద్రం మూయించి, పాలు ఇళ్లకే మోయమన్నాడు. గడప దాటకూడదు, ఎవరినీ ముట్టకూడదు.

అంతకుముందు నియమం ఇంకోలా ఉండేది. పాలు ఇంటికి పంపరాదు. బిడ్డ ఆయా ముందు కూర్చునే తాగాలి. తాగిన మూతులన్నీ ఆమె తన కొంగుతోనే తుడిచేది. ఆ కొంగు ఎప్పుడూ పులిసిన పాల వాసన కొట్టేది. ఈ పదిహేను రోజులుగా అందులో ఉతికిన బట్ట వాసన వస్తోంది. అది ఆమెకు పరాయి బట్టలా ఉంది.

క్యాను చేతిలోకి తీసుకుంటే కీళ్లు సలిపాయి. బరువు వల్లనేలే అనుకుంది.

కార్మికుల ఇళ్ల మొదటి వరసలో కొమురెల్లి అరుగు మీద దుప్పటి కప్పుకొని పడుకొని ఉన్నాడు. మూడు రోజులుగా బాయి దిగలేదు.

"ఏంది యాదక్కా, పాలల్ల నీళ్లు కలిపినవా, నీళ్లల్ల పాలు కలిపినవా?"

"నీకేం ఫికర్? పిల్లగాండ్లకు తెచ్చిన, నీకు గాదు. మూసుకొని పండు."

అతడు నవ్వబోయి దగ్గాడు. అతడి భార్య గిన్నెను వాకిట్లో రాయి మీద పెట్టి వెనక్కి జరిగింది. యాదవ్వ గిన్నెకు తగలకుండా, మూరెడు ఎత్తు నుంచి పాలు వంచింది. ఆ వంపు ఆమెకు కొత్త కాదు. చిన్నప్పుడు దొర ఇంటి ముందు దోసిలి పట్టి కూర్చుంటే, దొరసాని అంతే ఎత్తు నుంచి నీళ్లు పోసేది. మోచేతుల వెంట కారినవి కారగా మిగిలినవి తాగేది. అప్పుడు కిందనుంచి చూసిన ధారను ఇప్పుడు పైనుంచి చూస్తోంది. పోసేవాళ్లకూ ఇంత దూరం ఉంటుందని అప్పుడు తెలియదు.

చివరి వరస చేరేసరికి ఒళ్లు కాగుతోంది. ఎండే అనుకోవాలనుకుంది. ఆ వరస కొసన రాయమల్లు, దుర్గవ్వల ఇల్లు. అందులో వాళ్ల మూడేళ్ల బిడ్డ పెంటవ్వ.

దుర్గవ్వకు ముందు ఇద్దరు పుట్టి పోయారు. మూడో బిడ్డను దక్కించుకోవడానికి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పరాయిదానికి అమ్మినట్టు చేసి, మళ్లీ కొనుక్కోవాలని ఆచారం. ఆ పరాయిదానిగా ఆమె యాదవ్వను ఎంచుకుంది. "బిడ్డలే పుట్టనోళ్ల ఇంటికి సావుకు తొవ్వ ఎర్కుండది" అంది. మాట గుచ్చుకుంది. అయినా యాదవ్వ పసిగుడ్డును ఎత్తుకుంది. అంతలో బాయి కూత వినబడి దుర్గవ్వ పనికి పరుగెత్తింది. కొనుక్కోవడం మిగిలిపోయింది. ఆ తర్వాత అడిగినప్పుడల్లా యాదవ్వ మంగళవారమనో, అమావాస్యనో, మూఢమనో అంది. అలా మూడేళ్లు గడిచాయి. ఆ మూడేళ్లూ లోకానికి తెలియని ఒక లెక్కలో పెంటవ్వ తన బిడ్డ.

ఇంటి ముందు ఎడ్లబండి కట్టి ఉంది. రాయమల్లు మూటలు ఎక్కిస్తున్నాడు.

"పోతున్నమక్కా," అంది దుర్గవ్వ. "ధర్మపురి దిక్కు, మా అవ్వగారింటికి. జరం తగ్గినా మళ్ల రాం. బాపు దున్నుకొమ్మని చెలక ఇస్తనన్నడు. పోరిని కొనుక్కోకుంట గోదారి దాటియ్యద్దని అవ్వ కబురంపింది." ఒక్క క్షణం ఆగింది. "మంగళారమనకు. ఇయ్యాల బేస్తారం."

దుర్గవ్వకు తన సాకులన్నీ తెలుసునన్నమాట. యాదవ్వ తల దించుకుంది.

దుర్గవ్వ చాటెడు తవుడు తెచ్చి గడప పక్కన పెట్టింది. "ఇగో, దీనికే కొంటున్న. రా, ఎత్తుకో. నీ ఒళ్లెకెల్లే నాకియ్యాలె."

పదిహేను రోజులుగా ఆమె చేతులు కోరుకుంటున్నది అదే. ఒక్కసారి ఎత్తుకుంటే డాక్టరుకు తెలియదు. తన కనుబొమల కింద మండుతున్న వేడి మరెవరికీ తెలియదు. తనకు తెలుసు.

"నా ఒళ్లెకు వద్దు," అంది.

"గదేందక్కా!"

"అన్ని ఇండ్లు తిరిగొచ్చిన. నాకూ జరమొచ్చినట్టుంది. పోరికి ఇంకా అంటలే. నేనంటియ్యనా? గడప మీద కూసోబెట్టు. నోటితోనే ఇస్త."

దుర్గవ్వ కూర్చోబెట్టింది. పెంటవ్వ రెండు చేతులూ చాచింది. "ఎత్తుకో!"

యాదవ్వ రెండడుగులు వెనక్కి వేసింది. ఆయా వెనక్కి జరగడం ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు. పెదవి వంకరపోయింది. లేవబోయి పక్కకు ఒరిగి, చేతిని తవుడులో ఆన్చింది.

"నా బిడ్డను నీకిచ్చిన, దుర్గీ," అంది యాదవ్వ. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. "తీస్కపో."

దుర్గవ్వ బిడ్డను ఎత్తుకొని బండెక్కింది. రాయమల్లు "పోయొస్తం అక్కా" అన్నాడు, రాబోమని తెలిసీ. ఏడుపు దారి మలుపు దాకా వినిపించింది. తర్వాత ఎద్దుల గంటలు, ఆ తర్వాత అవీ లేవు.

గాలి లేచింది. యాదవ్వ తాళం పడిన ఇంటి ముందు, గాలికి వీపు అడ్డం పెట్టి కూర్చుంది. ఆమె ముందు చాట నిండా తవుడు, అందులో లోతుగా దిగిన చిన్న అరచేతి గుర్తు, ఐదు వేళ్లూ విడివిడిగా.