స్లిప్పుల సారు

కిటికీ తెర వేలెడంత పక్కకు జరిపి, ఏసన్న ముంగిట్లో కూర్చున్నవాళ్లను చూస్తున్నాడు. గడ్డానికి సగం నురగ అలాగే ఉంది. వేపచెట్టు కింద పింఛను ముసలమ్మలు, బదిలీ కోసం వచ్చిన పంతులు ఒకడు, చేతిలో శాలువా పట్టుకున్న కొత్త మనిషి ఒకడు. ఆయన చూపు శాలువా మీదే ఆగింది. ఊరికే శాలువా కప్పేవాడు ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదని ఎమ్మెల్యేగారి నమ్మకం.

ఇలాంటి నమ్మకాలన్నీ బడినుంచి తెచ్చుకున్నవే. చాలా ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పాడు. పాఠం ఎలా చెప్పేవాడో గుర్తున్నవాళ్లు తక్కువ. పరీక్ష హాల్లో ఎలా తిరిగేవాడో మరిచినవాళ్లు లేరు. మెత్తటి రబ్బరు చెప్పులు వేసుకుని, పిల్లిలా వెనకనుంచి వచ్చేవాడు. చొక్కా మడతలో దాచినా, అట్ట కింద దాచినా ఆయన వేళ్లకు అందాల్సిందే. 'స్లిప్పుల సారు' అన్న పేరు అలా వచ్చింది. ఎవడు ఎవడిని చూసి రాస్తున్నాడో తేలకపోతే ఇంకో కిటుకుండేది. బాగా చదివేవాడి చెవిలో కావాలని ఒక తప్పు జవాబు వేసి వచ్చేవాడు. ఆ తప్పు ఇంకెవడి పేపర్లో తేలితే వాడే దొంగ.

అలాంటి మనిషి ఎమ్మెల్యే ఎలా అయ్యాడంటే, సీటు రిజర్వు అయింది గనుక అయ్యాడు. పెద్దాయనకు ఒక మనిషి కావలసి వచ్చాడు. ఆ చుట్టుపక్కల పెద్దాయనంటే ఒక్కడే, పేరుతో పనిలేదు. ముఠా లేనివాడు, చెప్పిన మాట వినేవాడు, తెల్లచొక్కా వాడు అని వెతికితే హెడ్మాస్టరు ఏసన్న దొరికాడు. రాజీనామా చేసి నిలబడ్డాడు, గెలిచాడు. అసెంబ్లీలో ఒకే ఒక్కసారి లేచి, ఆడపిల్లల బళ్లలో మరుగుదొడ్ల గురించి మాట్లాడి కూర్చున్నాడు. తక్కిన కాలమంతా పెద్దాయన చెప్పినచోట సంతకం, చెప్పినప్పుడు చప్పట్లు. భార్య ప్రసన్నకుమారి పోయాక ఇంట్లో మనసువిప్పి మాట్లాడే దిక్కు కూడా లేదు.

ఒక్క పని మాత్రం సొంతంగా చేయాలనుకున్నాడు. ఓర్వకల్లు దిక్కు పల్లెల ఆడపిల్లలకు ఒక జూనియర్ కాలేజీ. పోయిన నెల పెద్దాయనకు చెప్పకుండా మంత్రిని కలిసి వచ్చాడు. కారు ఇల్లు చేరకముందే పెద్దాయన ఫోను. "ఏం సార్, కాలేజీ కడతాండావంట?" కాలేజీ అక్కడితో ఆగింది. ఎన్నికలు దగ్గరపడ్డాయి. మళ్లీ టికెట్టు వస్తే అది కట్టి తీరాలని ఆయన పట్టుదల. కానీ మాట మోసేవాడు ఇంట్లో ఉండగా ఏ పనీ సాగదు. ఆ రోజు వెంట ఉన్నవాళ్లు ఇద్దరే, పీఏ ఓబుళేశు, డ్రైవరు దావీదురాజు.

నిన్న పొద్దున పాత కిటుకే వాడాడు. ఓబుళేశుతో, శుక్రవారం ఆలూరులో పెళ్లికి పోవాలన్నాడు. దావీదుతో కారులో ఒంటరిగా ఉన్నప్పుడు, "ఎదలో నొప్పిగా ఉండాదప్పా. శుక్రవారం కడపలో డాక్టరుకు చూపించుకోవల్ల. బయటోళ్లకు చెప్పొద్దు" అన్నాడు. రెండూ అబద్ధాలే. ఆపైన దావీదు ప్రతి గుంత దగ్గరా బండి నెమ్మది చేశాడు. ఇక ఏ అబద్ధం తిరిగొస్తుందో చూడటమే మిగిలింది.

నిజం చెప్పాలంటే, ఆయన అనుమానం మొదటినుంచీ దావీదు మీదే. పదో తరగతి పరీక్షలో స్లిప్పుతో ఈయన చేతికే చిక్కి, చదువు ఆగిపోయి, లారీ క్లీనరుగా పోయిన పిల్లవాడు దావీదు. ఏళ్ల తర్వాత తనే వచ్చి, "మీ బండి నేను తోల్తా సార్" అన్నాడు. కడుపులో ఏమీ పెట్టుకోకుండా ఎవడైనా అలా వస్తాడా?

ఈ రోజు వాడి వాలకం మరీ తేడాగా ఉంది. పొద్దున ఉగ్గాని, బజ్జీలు పెట్టిస్తే వద్దన్నాడు. గుట్టల మధ్య ఒక ఊళ్లో నీళ్లట్యాంకు ప్రారంభోత్సవం. శిలాఫలకం మీద పెద్దాయన పేరు బారెడు, కింద ఏసన్న పేరు బెత్తెడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. సర్పంచి ఇంట్లో సంగటి, నాటుకోడి పులుసు వడ్డిస్తే దావీదు లోపలికే రాలేదు. కారు నీడలో నిలబడ్డాడు. పెదవులు ఎండిపోయి ఉన్నా, ఎవరో చెంబు అందిస్తే మంచినీళ్లు కూడా పుచ్చుకోలేదు. ఏసన్న ముద్ద మింగుతూ వాడినే చూశాడు. ద్రోహం తలపెట్టినవాడికి మన ఉప్పు గొంతు దిగదు అనుకున్నాడు.

చేయి కడుక్కుంటుండగానే పెద్దాయన ఫోను.

"ఏం సార్, గుండె బాగలేదంట గదా!"

"ఎవురు చెప్పినారన్నా?"

"ఎవురైతే ఏముందిలే. ఈ వయసులో నీకెందుకప్పా ఈ తిరుగుళ్లు? ఇంటికాడ ఉండి ఆరోగ్యం చూసుకో. ఈసారి ఇంకొకరిని నిలబెడతాంలే."

టికెట్టు పోయింది. తన అబద్ధమే తన సీటు కింద నిప్పయింది. ఏడుపు రావలసిన ఆ క్షణంలో, ఏసన్నకు ముందుగా ఒక పాడు సంతోషం కలిగింది. దొంగ దొరికాడు!

ఇల్లు చేరి కారు దిగాక అడిగాడు. "నా ఎదనొప్పి సంగతి ఎవురికి చెప్పినావు?"

"బయటోళ్లకు ఎవురికీ చెప్పలేదు సార్."

"మరి పెద్దాయనకు గాలి చెప్పిందా? చిన్నప్పుడు పట్టుబడిన బుద్ధి యాడికి పోతాది! తాళం ఆడ పెట్టి పో."

దావీదు తాళంచెవి అరుగు మీద పెట్టాడు. ఒక అడుగు వేసి తూలి, కారు పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"రేపు కడపకు పోకుండా ఉండొద్దు సార్. ఇంకెవుర్నన్నా పిల్చుకోని పోండి."

గేటు మెల్లగా మూసి వెళ్లిపోయాడు. ఎంత బాగా నటిస్తున్నాడని ఏసన్న పళ్లు కొరికాడు. ఓబుళేశు వరండాలో నిలబడి అంతా చూశాడు.

పొద్దుగూకే వేళకు చర్చి ఆడవాళ్లు కొందరు బైబిళ్లు పట్టుకుని వచ్చారు. ముందున్నది స్త్రీల సమాజం పెద్ద విశ్వాసమ్మ.

"ఏం కావల్లమ్మా?" అన్నాడు ఏసన్న, అలవాటు కొద్దీ.

"మాకేం వద్దు సార్. మీకోసం ప్రార్థన చేసి పోదామని వచ్చినాం. నిన్న సాయంత్రం కూడికలో దావీదు లేచి, మా సారుకు ఎదనొప్పంట, అందరూ ప్రార్థన చెయ్యండని శానా ఏడ్చినాడు. ఈ పొద్దంతా మంచినీళ్లు గూడా ముట్టకుండా మీకోసం ఉపవాసముండాడు. యాడ సార్ దావీదు? గంజి తెచ్చినాం."

ఏసన్న కూడా ఆ సంఘంలో పుట్టినవాడే. జ్వరమొచ్చినా, బర్రె ఈనలేకపోయినా, కూడికలో లేచి చెప్పి అందరిచేత ప్రార్థన చేయించడం ఆ ఇళ్ల పద్ధతి. సంఘాన్ని బయటివాళ్లుగా వాళ్లెవరూ అనుకోరు. ఎమ్మెల్యే అయ్యాక క్రిస్మస్‌కు తప్ప చర్చి మెట్లెక్కని ఈయన ఆ సంగతే మరిచాడు. అంతమంది మోకరించిన చోటునుంచి మాట పెద్దాయనదాకా పోవడానికి ద్రోహి అక్కరలేదు.

సిగ్గుతో ఒళ్లు మండిపోయింది. దావీదుకు ఫోను చేస్తే స్విచ్చాఫ్. విశ్వాసమ్మ దావీదు పక్కింటికి ఫోను చేసి కనుక్కుంది. ఇంటికి తాళమేసి, కూతురు రెజీనా దగ్గరికి కడప బస్సెక్కాడట. ఇక ఈ ఊరికి రానన్నాడట.

లేని నొప్పి కోసం ఆడవాళ్లు కన్నీళ్లు పెట్టుకుని ప్రార్థన చేశారు. నాకేం జబ్బు లేదమ్మా అందామనుకున్నాడు, అనలేకపోయాడు. ఆయన తల వంచుకుని 'ఆమెన్' అన్నాడు.

వాళ్లు వెళ్లగానే ఓబుళేశు దగ్గరికి వచ్చాడు. "దిగులు పడొద్దు సార్. పెద్దాయన రేపే తన మనిషిని డ్రైవరుగా పంపిస్తానన్నాడు."

"దావీదు పోయినట్టు ఆయనకెట్ల తెల్సప్పా?"

ఓబుళేశు గతుక్కుమని ఫోను జేబులో వేసుకున్నాడు.

ఆలూరు పెళ్లి మోయదగ్గ మాట కాదు గనుక వీడు మోయలేదు, అంతే. మంత్రి దగ్గరినుంచి వచ్చిన రోజు వెనక సీట్లో ఫోను నొక్కుతూ కూర్చున్నది వీడే. ఇప్పుడు అడిగి మాత్రం ఏసన్న దక్కించుకునేది ఏముంది?

కొత్తవాడు రాకముందే తన సామాను తీసుకుందామని తాళంచెవి తీసుకుని కారు దగ్గరికి నడిచాడు. డిక్కీ తెరిచాడు. రేపటి ప్రయాణానికి దావీదు అన్నీ సర్ది ఉంచాడు. మడతపెట్టిన దుప్పటి, దాని మీద, కడపదాకా వెనక సీట్లో సారు తల వాల్చుకోవడానికి, ఉతికి ఇస్త్రీ చేసిన గలీబు తొడిగిన దిండు.