వంటింట్లోంచి గుర్రపుశాలలోకి

వంటింట్లోంచి గుర్రపుశాలలోకి తెరుచుకునే కిటికీని రాళ్లతో మూసేయమన్నాడు ఇంజినీరు. ఎందుకయ్యా అంటే, ఇంటి పటంలో లేదట! ఆ ఇంటి పెద్దకోడలికి ఒళ్లు మండిపోయింది.

రెండు వందల ఏళ్ల రాతి ఇల్లది. రెండు మూరల మందం గోడలు. ఇల్లూ శాలా ఒకే కప్పు కింద. మధ్యన ఒకటే గోడ, ఆ గోడకి ఈ ఒక్క కిటికీ. పాత కట్టడాల ఆఫీసువాళ్లు బాగుచేయిస్తామంటే ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. తీరా చూస్తే ఇదీ వరస.

"తర్వాతెవరో గోడ పగలగొట్టి పెట్టారమ్మా. అసలు కట్టడంలో లేదు," అన్నాడు ఇంజినీరు, ఆఫీసువాళ్లు ఎప్పుడో గీయించిన పటం విప్పి.

"గుర్రానికి నెలలు నిండాయి బాబూ! ఇవాళో రేపో ఈనేస్తుంది. పోయినసారి పిల్ల అడ్డం తిరిగితే, పొయ్యి దగ్గర నించుని ఈ కిటికీలోంచి చూశాను కాబట్టి డాక్టరు వేళకి అందాడు. లేకపోతే తల్లీ పిల్లా ఇద్దరూ దక్కేవాళ్లు కాదు."

"శాల తలుపు తీసి చూసుకోండి."

"తలుపు చప్పుడైతే చాలు, నొప్పులు బిగబట్టుకుని లేచి నిలబడుతుందది. మీకేం, గీతలు గీసి చక్కాపోతారు!"

వింటేగా! "కానియ్యి మేస్త్రీ," అన్నాడు.

కొత్త సున్నం పట్టాలని మేస్త్రి కిటికీ చుట్టూ పాత పూత గీకాడు. కిటికీ నెత్తినున్న అడ్డరాయికి అంచు ఎక్కడా అని అటు గీకాడు, ఇటు గీకాడు. గోడ చివరిదాకా గీకినా అంచు దొరకలేదు.

"ఒక్కటే రాయి సార్. పైగోడంతా దీని మీదే కూర్చుంది. దీన్ని తర్వాత దూర్చాలంటే ఇల్లు పడగొట్టాలి. కిటికీ మొదట్నుంచీ ఉన్నదే."

"మరి పటంలో..."

"ఆ పటం గీయడానికొచ్చినాయన శాలలో అడుగుపెడితేగా!" అంది పెద్దకోడలు. "గుర్రం సకిలించేసరికి గుమ్మంలోంచే పరుగు లంకించుకున్నాడని మా అత్తగారు పోయేదాకా చెప్పి చెప్పి నవ్వేవారు."

మేస్త్రి నవ్వాపుకోలేక అటు తిరిగాడు. ఇంజినీరు మొహం గంటు పెట్టుకున్నాడు.

"అవన్నీ నాకు తెలీదు. పటంలో లేనిది ఉంచే అధికారం నాకు లేదు."

ఇక పట్టలేకపోయింది పెద్దకోడలు. ఆయన జేబులో పెన్ను లాక్కుంది. పటాన్ని బల్ల మీద పరిచి, వంటింటికీ శాలకీ మధ్య గోడలో, కాగితం చిరిగేంత గట్టిగా కిటికీ గీసింది.

"ఇప్పుడుంది. చూసుకోండి!"

ఆయన నోరు తెరిచేలోగా గోడవతల గడ్డి మీద ధబ్బున చప్పుడైంది. నొప్పులొచ్చి గుర్రం పడుకుంది.

అందరికంటే ముందు ఆ కిటికీలో తల దూర్చింది ఇంజినీరే.