ముక్కు లేని ల్యాబు

మా అనకాపల్లిలో బెల్లం వండే రోజుల్లో పాకం ఎంతవరకు వచ్చిందో పెనం దగ్గర నిలబడి చూడక్కర్లేదు, వాసనే చెబుతుంది. అలాంటి చోట పుట్టి పెరిగినదాన్ని కాబట్టే ఇంత తెలివితక్కువ పని చేశాను.

నేను ఆన్‌లైన్‌లో సింథటిక్ బయాలజీ చెబుతాను. అంటే బ్యాక్టీరియాలో కొత్త జన్యువులు చేర్చి, వాటిచేత మనకు కావలసిన పని చేయించే చదువు. ల్యాబు బెంగళూరులో ఉంది. పిల్లలు ఇళ్లలో కూర్చుని ఏది ఎంత కలపాలో టైపు చేసి పంపితే, అక్కడ రోబో కలుపుతుంది. నేనేమో మా నాన్న పరుపుల కొట్టు మీద గదిలో, దూది బస్తాల మధ్య కూర్చుని పాఠం చెబుతాను.

తెర నిండా నల్లటి గళ్లు. పేర్లుంటాయి, మొహాలుండవు. "అర్థమైందా?" అంటే ఒక్కరూ నోరు విప్పరు. ఒళ్లు మండేది. ఒంటరిగానూ ఉండేది, చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. క్లాసు అయ్యాక కిందికి దిగి, కొట్టుకొచ్చినవాళ్లతో దిండ్ల గురించి మాట్లాడేదాన్ని, మనిషి గొంతు వినడం కోసం.

అందుకే ఓ రోజు ఓ గడిలోంచి, "అతియా మేడమ్, అరటిపండు వాసన వచ్చీలాగ సేద్దామాండి?" అని వినబడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. సుప్రియ అట, మా జిల్లాలోనే రాంబిల్లి పిల్ల. అలాంటి జన్యువు ఉంది, పని జరుగుతుంది. వెనకా ముందూ చూడకుండా సరేనన్నాను. అప్పట్నుంచి సుప్రియ ప్రతి క్లాసులోనూ ఏదో ఒకటి అడిగేది. ఆ గొంతు కోసమే ముందుగా వచ్చి కూర్చునేదాన్ని.

ప్లేట్లలో బ్యాక్టీరియా బాగానే పెరిగింది. ఫలితం చూడబోతే అప్పుడు తెలిసింది. ఆ రోబో రంగు చూస్తుంది, వెలుగు కొలుస్తుంది. వాసన పట్టడం దానికి చేతకాదు. ల్యాబు ఆఫీసుకి ఫోన్ చేస్తే, మూత తీయడం కుదరదండీ, మీ కోర్సు గడువు అవగానే అన్నీ ఆవిరిలో ఉడికించి పారేస్తాం అన్నారు. వాళ్లను అనడానికేం లేదు, తప్పు నాదే.

ఆఖరి క్లాసు. ఎప్పటిలాగే తెరమీద ల్యాబు కెమెరాలో కనబడే రోబోని పెట్టాను.

"వాసన వచ్చిందాండి మేడమ్?" అంది సుప్రియ. "మాయమ్మకి కూడా సెప్పేనండి."

వచ్చిందని అనేస్తే పోయేది. ఎవరు చూడొచ్చారు? కానీ నాతో మాట్లాడే ఒక్క పిల్లకి అబద్ధం చెప్పలేకపోయాను.

"తెలీదమ్మా. ఆ రోబోకి ముక్కు లేదు. నేను ముందే చూసుకోలేదు."

"మీరక్కడే ఉన్నారు కదండి. ఓపాలి మూత తీసి సూడండి."

"నేనక్కడ లేనమ్మా. అనకాపల్లిలో ఉన్నాను."

ఇక ఈ గొంతూ పోయిందనుకున్నాను.

"అనకాపల్లా? రోజూ దాని పక్కన మీరే నిలబడి సేయిత్తన్నారనుకున్నానండి. మరైతే అక్కడెవరున్నారండి?"

"ఎవరూ లేరు."

ఆ మాట నా నోటితో అన్నాకే నాకు తట్టింది. పిల్లల మొహాలు కనబడవని ఇన్నాళ్లూ విసుక్కున్నాను గానీ, నా మొహం వాళ్లకి ఒక్కసారీ చూపించలేదు. పాఠం మొదలైన దగ్గర్నుంచీ రోబోనే చూపించాను.

కెమెరా ఆన్ చేశాను. నా మొహం, వెనక దూది బస్తాలు. ఒక్క గడి మాత్రం వెలిగింది. రేకుల వరండా, నూనె రాసి బిగించి జడ వేసుకున్న అమ్మాయి. నవ్వబోయిందో ఏమో, సిగ్నల్ పోయి బొమ్మ అలాగే ఆగిపోయింది.

"సుప్రియా, వినబడుతోందా?"

రాంబిల్లి నుంచి ఇక్కడికి బస్సులున్నాయి, ఓసారి రా తల్లీ అందామనుకున్నాను. ఈలోగా గడువు ముగిసి క్లాసు దానంతటదే మూసుకుపోయింది.

బెంగళూరులో రోబో మా ప్లేట్లు ఉడికించడానికి తీసుకెళ్లిపోయి ఉంటుంది. వాసన వచ్చే ఉంటుంది. పీల్చడానికే ఎవరూ లేరు.